సాంచి కొండపై ఒక దినము

ఢిల్లీ మహానగరమున ఉద్యోగములు చేయుచు, ఏటికొక్కమారు సెలవుపై స్వదేశమునకు ప్రయాణమగు తెలుగువారిలో సాంచి స్తూపమును చూడనివారు అరుదు. సాంచిలో దిగినవారును అరుదే. గ్రాండ్ ట్రంకు మార్గమున దక్షిణమునకు సాగు బండి విదిశ దాటి భోపాలు చేరులోపల, ఒక చిన్న స్టేషను చెంత, పొదలు క్రమ్మిన కొండమీద, బోర్లించిన గిన్నెవలె గుండ్రని కట్టడమొకటి కిటికీలోనుండి కొంతసేపు కనబడును. ప్రక్కనున్నవారెవరో “అదిగో సాంచి” అందురు. పిల్లలు తొంగిచూతురు. అంతలో కొండ వెనుకబడును; పులిహోర పొట్లములు విప్పబడును; మాట బెజవాడ ఎండలమీదికి, ఊరిలోని పొలము తగవులమీదికి మరలును. నేనును ఇరువది సంవత్సరములు ఇట్లే ప్రయాణించితిని.

ఒకమారు మా పెద్దమ్మాయి, “నాన్నగారూ, అది ఎవరు కట్టించారు?” అని అడిగినది. “అశోకుడమ్మా” అని చెప్పితిని. “అంతా ఆయనేనా?” అని మరల అడిగినది. పాఠశాలలో చదివిన చరిత్ర నాకంతకుమించి జ్ఞాపకము లేదు. సమాధానము చెప్పలేక, పత్రికలో తల దూర్చితిని. ఆ ప్రశ్నయే మరుసటి శీతకాలమున మమ్ము కుటుంబసమేతముగా ఆ కొండ యెక్కించినది. అచ్చట చూచినదియు, పిమ్మట గ్రంథములవలన తెలిసికొన్నదియు కలిపి, మన సంఘసభ్యులకు ఉపయోగపడునేమో యను తలంపుతో ఇట వ్రాయుచున్నాను.

సాంచి మధ్యప్రదేశమునందలి రాయసేను జిల్లాలోని చిన్న గ్రామము. విదిశకు సుమారు 10 కిలోమీటర్ల దూరమునను, భోపాలునకు ఈశాన్యముగా సుమారు 46 కిలోమీటర్ల దూరమునను ఉన్నది. కొండ యెత్తు 300 అడుగులు మాత్రమే. ప్రాచీన శాసనములలో దీని పేరు కాకణావము. గుప్తుల కాలమునాటికి కాకనాదబోటము. గయ, సారనాథము, కుశీనగరము మొదలగు క్షేత్రములవలె బుద్ధభగవానుని జీవితముతో ఈ స్థలమునకు సంబంధమేమియు లేదు. ఆయన ఇచ్చట జన్మించలేదు, బోధించలేదు, నిర్యాణము చెందలేదు. అయినను క్రీస్తుపూర్వము 3వ శతాబ్దినుండి క్రీస్తుశకము 12వ శతాబ్దివరకు, అనగా ఇంచుమించు పదునాలుగు వందల సంవత్సరములు, ఈ కొండపై కట్టడములు లేచుచునే యుండెను.

దానికి కారణము కొండలో కాదు, సమీపముననున్న విదిశానగరమున వెదుకవలెను. బేత్వా, బేస్ నదుల సంగమమున వెలసిన విదిశ, ఉజ్జయిని మీదుగా పశ్చిమ సముద్రతీరమునకు పోవు వర్తకమార్గముపై గొప్ప పట్టణము. మేఘసందేశమున కాళిదాసు మేఘునిచే ఈ పట్టణమును దర్శింపజేసెను. తక్షశిలనుండి వచ్చిన యవన రాయబారి హెలియొడోరసు వాసుదేవుని పేర నిలిపిన గరుడస్తంభము నేటికిని ఆ యూరి చెంత నిలిచియున్నది. సింహళ దేశపు ప్రాచీన వృత్తాంతములనుబట్టి, అశోకుడు రాజకుమారుడై ఉజ్జయినికి పాలకుడుగా పోవుచు, విదిశలో ఒక శ్రేష్ఠికుమార్తెయగు దేవిని వివాహమాడెను. వారి కుమారుడే మహేంద్రుడు. ఆయన సింహళమునకు ధర్మప్రచారమునకై పోవుటకు ముందు తల్లిని చూడవచ్చి, విదిశ చెంతనున్న కొండమీది విహారమున బస చేసెనని ఆ గ్రంథములు చెప్పుచున్నవి. ఆ కొండ సాంచియే యని అనేకులు తలంతురు.

భిక్షువులకు నివాసము నగరమునకు మిక్కిలి దూరమైనచో భిక్ష దొరకదు. మిక్కిలి దగ్గరయైనచో ఏకాంతము దొరకదు. విదిశకు సాంచి ఆ రెండు అవసరములకును సరిపడు దూరమున నున్నది. ఉదయమున భిక్షాపాత్రతో దిగి, పట్టణము తిరిగి, మధ్యాహ్నమునకు కొండ చేరవచ్చును. పడమటి వాలునందలి విహారశిథిలముల చెంత పెద్ద శిలాపాత్రయొకటి నేటికిని ఉన్నది. తెచ్చిన అన్నమును అందులో పోసి అందరును పంచుకొనెడివారట. మా అబ్బాయికి స్తూపముకంటె ముందు అదియే నచ్చినది.

మేము మెట్లదారిన కొండపైకి చేరునప్పటికి మంచు విడిచి ఎండ వచ్చినది. రైలులోనుండి చేతిగిన్నెయంతగా కనబడు మహాస్తూపము దగ్గరకు పోయినకొలది పెరిగి పెరిగి ఆకాశమును క్రమ్మివైచినది. దాని అడ్డకొలత సుమారు 120 అడుగులు. శిఖరమునందలి ఛత్రమును విడిచి, ఎత్తు సుమారు 54 అడుగులు. స్తూపమనునది లోపల ప్రవేశించు గుడి కాదు. అది ధాతుగర్భము, దాని చుట్టును ప్రదక్షిణము చేయుటయే పూజ. అండాకారముగల గోపురము, దానిపై చతురస్రపు హర్మిక, దానిపై ఛత్రములు, మొదట ఎత్తైన అరుగువంటి మేధి, నేలమీద చుట్టును రాతి కంచెయగు వేదిక, నాలుగు దిక్కుల నాలుగు తోరణములు, ఇవియే దాని అంగములు.

ఇందులో అశోకుని భాగమెంత? మా అమ్మాయి ప్రశ్నకు మొదటి సమాధానము అచ్చట లభించినది. అశోకుడు కట్టించినది ఇటుకలతో కట్టిన చిన్న స్తూపము. అది నేడు కనుపించదు, లోపల నున్నది. నూరేండ్లు గడచిన పిమ్మట, శుంగుల కాలమున, దానిని ఇంచుమించు రెండింతలు పెంచి, రాతితొడుగు వేసిరి. వేదికయు అప్పటిదే. తోరణములు ఇంకను తరువాతివి, క్రీస్తుపూర్వము 1వ శతాబ్దివి. గోడ కానుకొని నాలుగు ద్వారముల కెదురుగా కూర్చున్న బుద్ధవిగ్రహములు గుప్తుల కాలమువి. అశోకుడు విత్తు నాటెనే గాని, చెట్టును ఎవరో పెంచిరి.

ఆ ఎవరో యెవరు? వేదికను వ్రేళ్లతో తడిమిన చాలును, వారు పలుకుదురు. సాంచిలో ఎనిమిదివందలకు మించిన శాసనములు దొరికినవి. మన దేవాలయములందలి శాసనములవలె అవి దీర్ఘములు కావు. పెక్కింటిలో ఒక పేరు, ఒక ఊరు, “దానం” అను ఒక మాట. వేదికయందలి ఒక్కొక్క కంబము, ఒక్కొక్క అడ్డుపట్టె, కాళ్లక్రింద పరచిన పలక, ఒక్కొక్కరి దానము. ఉజ్జయినినుండి వచ్చినవారు అనేకులు. శ్రేష్ఠులు, గృహపతులు, సాలెవారు, వడ్రంగులు, భిక్షువులు, భిక్షుణులు, ఒకరి తల్లి, ఒకరి భార్య, ఒకరి కోడలు. కొన్నిచోట్ల గ్రామము గ్రామమంతయు కలసి ఒక రాతిని ఇచ్చినది. స్త్రీలు ఇచ్చిన దానములను లెక్కించుచు పోయినచో, ఈ కట్టడమునందు సగపాలు వారిదేమోయని తోచును. సమస్తమును విడిచిన భిక్షుణులు సహితము దాతలలో కనబడుట నాకు ఆశ్చర్యము కలిగించినది.

దాతలలో ఒకడు సుభాహితుడు. అతని వృత్తిని శాసనము “రాజలిపికరుడు” అని చెప్పుచున్నది. అనగా ప్రభుత్వ కచేరిలోని లేఖకుడు. మూలగిరి యను మరియొక లేఖకుడును కలడు. ఫైళ్లను వ్రాయుచు జీవితము గడపు మాబోటివారికి ఆ మాటను చదువగానే కలిగిన ఆనందమును వేరుగా చెప్పనక్కరలేదు. రెండువేల సంవత్సరములకు పూర్వము మనవంటి ఉద్యోగి యొకడు తన జీతములోనుండి కొంత మిగిల్చి ఇచ్చట ఒక రాతిని ఇచ్చినాడు. అతడు వ్రాసిన రాజపత్రములు ఒక్కటియు మిగులలేదు. అతడిచ్చిన రాయి మిగిలినది.

దక్షిణ తోరణము కడకు వచ్చితిమి. నాలుగు తోరణములలో ఇదియే మొదట లేచినదని పండితుల అభిప్రాయము. దీని ప్రక్కనే అశోకుని శిలాస్తంభపు మొండెము ఉన్నది. స్తూపపు మేధిపై కెక్కు జంటమెట్లును ఈ వైపుననే యున్నవి. తోరణపు పై దూలముపై చెక్కిన స్తూపప్రతిమమీద ఒక శాసనము కలదు. శాతకర్ణి మహారాజు యొక్క శిల్పులకు పెద్దయైన వాసిష్ఠీపుత్రుడు ఆనందుని దానమని దాని భావము. శాతకర్ణి అను పేరు వినగానే తెలుగువాని మనస్సు ఉప్పొంగుట సహజము. పురాణములు ఆంధ్రులని పేర్కొన్న రాజవంశమది. ఆ పేరుగల రాజులు పలువురుండుటచే, ఇతడు వారిలో ఎవ్వడో పండితులలో ఏకాభిప్రాయము లేదు.

కాని ఆ శాసనమును శ్రద్ధతో చదువవలెను. దూలమును ఇచ్చినవాడు శాతకర్ణి కాడు. అతని కొలువులోని ఆనందుడు. రాజు పేరు వచ్చినది, ఆ ఉద్యోగి ఎవరి కొలువులో నున్నాడో తెలుపుటకు మాత్రమే. మనము మన చిరునామాలో శాఖ పేరు వ్రాసినట్లే యనుకొనవచ్చును. అదే తోరణపు స్తంభముపై మరియొక శాసనము, ఆ చెక్కడము విదిశలోని దంతకారుల పని యని తెలుపుచున్నది. ఏనుగుదంతమును చెక్కు సన్నని పనితనమును వారు రాతిపై చూపినారు. దగ్గరకు పోయి చూచినచో పూలరేకుల అంచులు, గుఱ్ఱపు జూలు, స్త్రీల కడియములు, అన్నియు ఆ మాటకు సాక్ష్యము చెప్పును.

తోరణములపై నున్న కథలను చెప్పబూనినచో ఈ సంచిక చాలదు. ఒక్క విషయము చెప్పెదను. ఈ శిల్పములలో ఎచ్చటను బుద్ధుని మానవరూపమున చూపలేదు. తూర్పు తోరణముపై సిద్ధార్థుడు ఇల్లు విడుచు ఘట్టము కలదు. గుఱ్ఱము పోవుచున్నది, సేవకుడు గొడుగు పట్టినాడు, దేవతలు వెంట నున్నారు. గుఱ్ఱముమీద ఎవ్వరును లేరు. కడపట గుఱ్ఱము రౌతులేకయే మరలివచ్చుచున్నది. బోధివృక్షము, ధర్మచక్రము, పాదముద్రలు, శూన్యాసనము, ఇవియే ఆయనకు గుర్తులు. ఉత్తర తోరణపు క్రింది దూలమున విశ్వంతర జాతకము చెక్కబడినది. దానము చేసి చేసి కడపట బిడ్డలనుగూడ ఇచ్చివేసిన రాజకుమారుని కథ అది. చిన్నచిన్న దానములతో లేచిన కట్టడమునకు ఆ కథ ఎంతయో తగియున్నది.

స్తూపమును చూచి మరలిపోవువారు పలువురు. కాని దానికి దక్షిణముగను తూర్పుగను ఉన్న ఆలయ శిథిలములను చూడనిదే సాంచిని చూచినట్లు కాదు. పురావస్తుశాఖవారు వాటికి అంకెలు వేసినారు. 40వ ఆలయము వాటిలో అత్యంత ప్రాచీనము. మొదట అది ఒకకొన వట్రువగానున్న రాతి అరుగుపై కట్టెలతో కట్టిన చైత్యశాల. కట్టెలు కాలిపోయినవి, దానిమీదనే తరువాతివారు రాతికంబములు నిలిపిరి. నేడు విరిగిన కంబముల వరుసలు మాత్రము నిలిచి, పైకప్పు ఆకాశమై యున్నది. 18వ ఆలయము 7వ శతాబ్దిది. అదియు అట్టి గజపృష్ఠాకార చైత్యమే. సుమారు 17 అడుగుల ఎత్తుగల ఏకశిలాస్తంభములు నేటికిని నిలిచి, పగటివేళ నేలపై పొడవైన నీడలు పరచుచున్నవి.

ఆ వట్రువ గోడను చూచినప్పుడు పలనాటి చేజెర్లలోని కపోతేశ్వరాలయము జ్ఞప్తికి వచ్చినది. అదియు ఒకప్పుడు బౌద్ధచైత్యమై, పిమ్మట శివాలయమైనది. సాంచిలో భిక్షువులు వెడలిపోవగా చైత్యము కూలినది. చేజెర్లలో దేవుడు మారినను దీపము నిలిచినది, కనుక కప్పును నిలిచినది. పూజ సాగుచోట గుడికి ఆయువెక్కువ యని శిథిలములు చూచినకొలది తెలియును.

17వ ఆలయము మిక్కిలి చిన్నది; 5వ శతాబ్ది యారంభమునాటిది. చతురస్రమైన గర్భగృహము, ముందు నాలుగు కంబముల ముఖమండపము, పైన చదునైన కప్పు, అంతే. పదునైదు నూరేండ్లు గడచినను కూలలేదు. గర్భగృహము, దానిముందు మండపము అను ఈ రెండు ముక్కల అమరికనుండియే తరువాతి కాలమున మన దేశపు మహాలయములు పెరిగినవని తలచుచు, ఆ చిన్న గుడి మెట్టుపై కొంతసేపు కూర్చుంటిమి. ఆవల తూర్పున నున్న 45వ ఆలయము చివరి కాలమునకు, అనగా 9, 10 శతాబ్దులకు, చెందినది. అందు భూమిని తాకుచు కూర్చున్న బుద్ధమూర్తి కలదు. ఒక్క కొండమీద, నూరు అడుగులకొక శతాబ్ది చొప్పున, కట్టెల చైత్యమునుండి రాతిగుడివరకు జరిగిన ప్రయాణమంతయు నడచి చూడవచ్చును.

గుప్తుల కాలపు శాసనములు వేదికపై నున్నవి. వాటిలో ఒకటి ఉపాసిక హరిస్వామిని దానశాసనము. క్రీస్తుశకము 450–51 నాటిది. ఆమె సంఘమునకు 12 దీనారములు అక్షయనీవిగా ఇచ్చినది. మూలధనము ముట్టరాదు, దాని వడ్డీతో దినమున కొక భిక్షువునకు భోజనము పెట్టవలెను. మరి మూడు దీనారముల వడ్డీతో రత్నగృహమున మూడు దీపములును, ఒక దీనారపు వడ్డీతో నలుగురు బుద్ధులు కూర్చున్నచోట ఒక దీపమును ప్రతిదినము వెలిగింపవలెను. భవిష్యనిధి లెక్కలు చూచుకొనుటకు అలవాటుపడిన మనకు ఈ ఏర్పాటు చక్కగా బోధపడును. పదునారు దీనారములతో ఆ గృహిణి కాలమును కొనదలచినది. ఆ దీపము ఎన్నేండ్లు వెలిగినదో గాని, ఒకనాడు ఆరినది. 13వ శతాబ్దినుండి కొండ నిర్జనమై, అడవి క్రమ్మినది.

అయినను అడవి సాంచికి చేసిన హాని స్వల్పము. నిజమైన హాని మనుష్యులు తిరిగి వచ్చిన తరువాత జరిగినది. 1818లో జనరల్ టేలరు ఈ స్థలమును చూచినప్పుడు మూడు తోరణములు నిలిచియేయున్నవి, గోపురము చెక్కుచెదరలేదు. 1822లో భోపాలునందలి ఆంగ్లాధికారి కెప్టెన్ జాన్సను, లోపల నిధి యేమైన నుండునేమోయని, మహాస్తూపమును ఒకప్రక్క పైనుండి క్రిందివరకు కోయించెను. ఏమియు దొరకలేదు. పెద్ద గండి మాత్రము మిగిలినది; పడమటి తోరణము, వేదికలో కొంతభాగము కూలినవి. 1851లో కన్నింగుహాము, మైసీ అనువారు తవ్వించి, 3వ స్తూపమున సారిపుత్ర, మౌద్గల్యాయనుల పేర్లుగల ధాతుపేటికలను కనుగొనిరి. విద్యకు అది మహోపకారము. కట్టడములకు మాత్రము గాయమే. అశోకస్తంభమును ఒక స్థానిక జమీందారు చెరకు గానుగకై పగులగొట్టించెనని చెప్పుదురు. ధర్మశాసనము చెక్కిన రాయి చెరకు పిండుటకు వచ్చినది.

1868 ప్రాంతమున తూర్పు తోరణమునకు మరియొక గండము వచ్చినది. దానిని ఫ్రాన్సు చక్రవర్తి మూడవ నెపోలియనునకు బహుమతిగా ఇమ్మని భోపాలు దర్బారును ఫ్రెంచివారు కోరిరి. అది పోయియుండిన, నేడు మన మా తోరణమును పారిసుకు పోయి చూడవలసి యుండెను. అసలును ఉంచి, నకలు పంపుటకు నిర్ణయమైనది. 1869–70లో హెన్రీ హార్డీ కోల్ అను యువ సైన్యాధికారి తోరణమంతటికిని అచ్చులు తీయించెను. నకళ్లు లండను, పారిసు మొదలగు పట్టణములకు పోయినవి. తోరణము తన స్థానమున నిలిచినది. ఆ కోల్ దొరయే 1881–83 సంవత్సరములలో ప్రాచీన నిర్మాణముల సంరక్షకుడై వచ్చి, అడవి కొట్టించి, జాన్సను చేసిన గండిని పూడ్పించి, పడిపోయిన దక్షిణ, పశ్చిమ తోరణములను నిలువబెట్టించెను. అందొక పొరపాటు జరిగినది. దక్షిణ తోరణపు పై దూలమును, క్రింది దూలమును ముందువైపు వెనుకకు తిప్పి నిలిపిరి. నేటికిని అవి అట్లే యున్నవి. రక్షించు చేతికిని జాగ్రత్త కావలెనని ఆ దూలములు చెప్పుచున్నట్లున్నది.

1912నుండి 1919వరకు పురావస్తుశాఖాధిపతి సర్ జాన్ మార్షలు ఆధ్వర్యమున జరిగిన త్రవ్వకములు, జీర్ణోద్ధరణముల ఫలమే నేడు మనము చూచు సాంచి. భోపాలు రాణులు షాజహాన్ బేగం, సుల్తాన్ జహాన్ బేగం ఈ కొండ రక్షణకై రాజ్యకోశమునుండి ధనమిచ్చిరి. ఇస్లామును అవలంబించిన రాణులు బౌద్ధస్తూపమునకై చేసిన వ్యయమును మనము మరువరాదు. 1989లో సాంచి ప్రపంచ వారసత్వ స్థలములలో చేరినది.

మధ్యాహ్నము తూర్పు తోరణము నీడలో కూర్చుండి పైశాసనములను గూర్చి పుస్తకమున చదివి పిల్లలకు చెప్పుచుంటిని. తూర్పు, పశ్చిమ తోరణములపై శాపవాక్యములు కలవు. ఈ కాకణావమునుండి రాతిని ఊడదీసినవాడును, ఊడదీయించినవాడును, మరియొక ఆచార్యకులమునకు తరలించినవాడును పంచమహాపాతకములు చేసినవాని గతికి పోవునని వాటి తాత్పర్యము. మా అబ్బాయి మాటాడక జేబులోనుండి చింతగింజంత ఎఱ్ఱరాతి ముక్కను తీసి నేలపై పెట్టెను. “ఇంత చిన్నది పోతే ఏమవుతుంది, నాన్నగారూ?” అనెను. నేను వెంటనే బదులు చెప్పలేకపోతిని. నాకు మా అమ్మమ్మగారి పెరడు జ్ఞాపకము వచ్చినది.

అమ్మమ్మగారి యూరు కృష్ణాతీరమున, అమరావతికి కొన్ని క్రోసుల దూరమున నుండెను. నూతిచప్టాపై ఒక తెల్లని బండ యుండెడిది. దానిమీదనే బట్టలుతికెడివారు. ఒక వేసవిలో దానిని తిరుగవేసినప్పుడు అడుగున సగము పద్మము కనబడినది. రేకులు చక్కగా దిద్దినట్లున్నవి. పెద్దవారు చూచి, బండ మరల బోర్ల వేసిరి. ఆ సాయంకాలము యథాప్రకారము బట్టలు ఉతికిరి. ఆ ఇల్లు తరువాత అమ్ముడైనది. ఆ బండ ఏమైనదో నాకు తెలియదు. తెలిసికొనుటకు నేను ప్రయత్నించలేదు.

ధాన్యకటకపు మహాచైత్యము సాంచి స్తూపముకంటె పెద్దది. దాని అడ్డకొలత సుమారు 160 అడుగులు. అందును ఇట్టి దాతలే. విధికుడను చర్మకారుడు పూర్ణకలశము చెక్కిన పలకనిచ్చెను. చలివేంద్రపు అధికారి, సుగంధద్రవ్యములమ్మువాడు, భిక్షుణులు, గృహిణులు శిలలనిచ్చిరి. 1797లో కల్నల్ మెకంజీ దానిని మొదట చూచెను. జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు కొత్తపట్టణము కట్టించుచున్న దినములవి. దిబ్బలోని ఇటుకలు, రాళ్లు ఇండ్లకును కోనేటి మెట్లకును పోయినవి. 1816లో మెకంజీ తిరిగివచ్చునప్పటికి దిబ్బ నడుమ గొయ్యి మిగిలినది. అతడు తన చిత్రకారులచే మిగిలిన శిలల చిత్రములు వ్రాయించెను; అనేక శిలలకు నేడు ఆ చిత్రములే మిగిలినవి. 1845లో ఇలియటు తవ్వించిన శిలలు చెన్నపట్టణమున ఎండకు వానకు పడియుండి, 1859లో లండనుకు పోయినవి. 1877లో సూయెలు, 1881లో బర్జెస్సు వచ్చిరి. మిగిలినవి చెన్నపట్టణమునకు పోయినవి.

అమరావతి శిల పలనాటి తెల్లని సున్నపురాయి. ఆ నునుపు, ఆ తెలుపు శిల్పమునకు వరమయ్యెను. కాల్చినచో సున్నమగుట దానికి శాపమయ్యెను. సాంచిది ఇసుకరాయి, సున్నమునకు పనికిరాదు. దానికి తోడు దరిదాపుల పెద్ద పట్టణము లేదు. భట్టిప్రోలు స్తూపమునకు అంతకంటె విచిత్రమైన గతి పట్టినది. 19వ శతాబ్దిలో దాని ఇటుకలు, పాలరాళ్లు కాలువ పనులకును బాటకును వాడబడినవి. ఆ పనులు చేయించినవారు కొల్లగొట్టువారు కారు. ప్రభుత్వపు ఇంజనీరింగు ఉద్యోగులు. సామగ్రి దగ్గరలో దొరకినది, ఖర్చు తగ్గినది, లెక్క సరిపోయినది. శేషించినచోట 1892లో అలెగ్జాండరు రీ ధాతుపేటికలను కనుగొనెను. వాటిపై నున్న బ్రాహ్మీ లిపి దక్షిణదేశపు లిపి చరిత్రకే అమూల్యమైనది.

ఇంకొక సంగతి చెప్పవలెను. సాంచిని నిలువబెట్టిన కోల్ దొరయే అమరావతి శిలలను తరలింపక అచ్చటనే సంరక్షింపవలెనని వాదించెను. ఆ వాదము నెగ్గలేదు. ఒకే కాలమున, ఒకే ప్రభుత్వమున, ఒకే ఉద్యోగి వ్రాసిన అభిప్రాయము ఒకచోట అమలైనది, మరియొకచోట మూలబడినది. అందుచేత నేడు తోరణము క్రింద నిలిచి స్తూపమును చూడవలెననిన సాంచికి పోవలెను. అమరావతి శిల్పమును చూడవలెననిన చెన్నపట్టణమునకు, లండనునకు పోవలెను. అమరావతిలో మిగిలినది గుండ్రని పునాది, కొన్ని పలకలు, చిన్న ప్రదర్శనశాల. కచేరిలో ఒక కాగితముపై మనము వ్రాయు రెండు పంక్తులు ఎంతదూరము పోవునో ఈ రెండు స్థలములును చూచినవానికి తెలియును.

పోయినవి కొన్ని తిరిగి వచ్చుటయు కలదు. ఇంగ్లండునకు పోయిన సారిపుత్ర, మౌద్గల్యాయనుల ధాతువులు స్వాతంత్ర్యానంతరము మనదేశమునకు తిరిగివచ్చినవి. 1952 నవంబరులో, ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ సమక్షమున, కొండమీద కొత్తగా కట్టిన చేతియగిరి విహారమున వాటిని ప్రతిష్ఠించిరి. ఏటేట నవంబరు మాసమున వాటిని దర్శింపజేతురు. సింహళమునుండియు ఇతర దేశములనుండియు యాత్రికులు వత్తురు. హరిస్వామిని వెలిగించిన దీపము ఆరినను, దాని ప్రక్కనే మరియొకటి వెలిగినది.

మన సభ్యులకు కొన్ని సూచనలు. సాంచి స్టేషనున పెద్ద బండ్లు చాలవరకు ఆగవు. విదిశలోగాని, భోపాలులోగాని దిగి పోవుట సుఖము. శీతకాలము మంచిది. కొండ యెక్కుటకు ముందు క్రిందనున్న ప్రదర్శనశాలను చూడవలెను. అశోకస్తంభపు నాలుగు సింహముల శిరోభాగము అచ్చటనే యున్నది. పిమ్మట దక్షిణ తోరణమునొద్ద ప్రారంభించి, కుడిచేతివైపున స్తూపముండునట్లు ప్రదక్షిణము చేసి, ఆలయములను చూచి, కడపట పడమటి వాలున దిగి 2వ స్తూపమును చూడవలెను. పూర్తిగా ఒక దినము కావలెను. ఒక్కపూట చాలుననువారి మాట వినవద్దు.

సాయంకాలము దిగివచ్చుచుండగా మా అమ్మాయి తన పాత ప్రశ్నకు తానే సమాధానము చెప్పినది: “ఎవరికి తోచినంత వారు ఇచ్చారన్నమాట.” అంతే. అంతకంటె చక్కగా ఏ చరిత్రకారుడును చెప్పజాలడు. అబ్బాయి ప్రశ్నకు మాత్రము నేను బదులుపడియున్నాను. ఇంత చిన్నది పోయినచో ఏమగును? సాంచి యిటువంటి చిన్నవి వేలకొలది చేరి కట్టబడినది; అమరావతి ఇటువంటి చిన్నవి వేలకొలది పోయి గొయ్యియైనది. వచ్చు వేసవిలో సెలవుపై ఊరికి పోయినప్పుడు ఆ పాత ఇంటివారి నడిగి, నూతికడనున్న బండ ఉన్నదేమో చూడవలెనని సంకల్పించుకొన్నాను. ఉన్నచో అమరావతి ప్రదర్శనశాలవారికి ఉత్తరము వ్రాసెదను. మీ యూళ్లలోను, పెరళ్లలోను, గుడి మెట్లలోను, చెరువుగట్లమీదను అట్టివి ఉండవచ్చును. సెలవులకు పోవునప్పుడు ఒకమారు తిరుగవేసి చూడుడు.